లక్క ప్లేటు నుంచి సీడీ దాకా: ప్రార్థనా మందిరాల్లో గొంతుల నకళ్ల కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని సంపాదక మిత్రులు ఫోను చేసినప్పుడు, సర్వీసంతా టెలిఫోను శాఖలో రిలేలతో, కేబుళ్లతో గడిపినవాణ్ని నేనేం వ్రాయగలనని తప్పించుకోబోయాను. “ఎక్స్ఛేంజి కబుర్లు ఎన్నోసార్లు వేశాం. రిటైరైన తర్వాత మీరు ఏదో సీడీల పని చేసేవారు గదా, దాని మీద వ్రాయండి” అన్నారు. సరిగ్గా ఆ వారమే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అది జరగకపోతే ఈ వ్యాసం లేదు.

మా మనవరాలి పెళ్లి కుదిరింది. “తాతయ్యా, 2004 క్రిస్మస్‌కి నానమ్మ చర్చిలో పాడిన పాట నీ దగ్గర ఉందిగా, పెళ్లిలో వినిపిద్దాం” అంది. ఉంది. నేనే రికార్డు చేశాను, నేనే సీడీ వ్రాశాను, నేనే అసలు ప్రతిని అద్దాల బీరువాలో పెట్టుకున్నాను. మా ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. ఆమె గొంతు ఇంట్లో ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే. బయటికి తీసి కంప్యూటరులో పెడితే కాసేపు గరగరమని తిరిగి, లోపల డిస్కే లేదని చూపించింది. మరో రెండు డ్రైవుల్లో పెట్టి చూశాం. అదే వరస.

ఆ తర్వాత ఏమైందో చివర్న చెబుతాను. ముందు ఈ డిస్కుల చరిత్ర కొంచెం చెప్పుకుందాం. చరిత్ర తెలిస్తే గాని నేను చేసిన పొరపాటు ఏమిటో అర్థం కాదు.

అచ్చు డిస్కు, వ్రాత డిస్కు

చూడటానికి ఒకేలా ఉన్నా డిస్కుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి అచ్చు పుస్తకం వంటిది. ఫ్యాక్టరీలో ఒక అచ్చు తయారుచేసి వేల కొద్దీ ప్రతులు దాని మీద నొక్కుతారు. రెండోది చేతివ్రాత వంటిది. ఖాళీ డిస్కు తెచ్చుకుని ఎవరికి వారు ఒక్కొక్కటిగా వ్రాసుకుంటారు. మొదటిదానికి పెట్టుబడి కావాలి. రెండోదానికి ఓపిక ఉంటే చాలు. ఈ చరిత్రంతా ఈ రెండింటి మధ్య నడిచిందే.

మన దేశానికి ముందు వచ్చింది అచ్చు జాతి. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశారు. అప్పుడు ప్లేట్లు నొక్కే ఫ్యాక్టరీ మనకు లేదు. రికార్డు చేసినదాన్ని ఓడలో జర్మనీలోని హానోవర్‌కు పంపితే, అక్కడ నొక్కిన ప్లేట్లు తిరిగి ఇక్కడికి వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఆ ప్రయాణం తప్పింది. ఆ నల్లటి ప్లేట్లలో అసలు సరుకు లక్క. ప్రపంచానికి లక్క సరఫరా చేసింది ముఖ్యంగా మన దేశమే. అంటే ఏ దేశంలో ఎవరు పాడినా, ఆ గొంతు నిలిచింది చాలావరకు మన అడవుల్లో పురుగులు పెట్టిన లక్క మీదనే!

అయితే ఒక పల్లెటూరి చర్చి, వందమంది మాట్లాడే ఒక చిన్న భాష, తమ గొంతును ప్లేటు మీదికి ఎక్కించుకోవడం ఆ పద్ధతిలో సాధ్యం కాదు. వేల ప్రతులు అమ్ముడుపోతేనే కంపెనీకి గిట్టుబాటు.

1934: ఇంట్లోనే ప్లేటు కోసుకునే రోజులు

1934 ప్రాంతంలో అల్యూమినియం రేకు మీద మెత్తటి లాకర్ పూత పూసిన ఖాళీ డిస్కులు మార్కెట్టులోకి వచ్చాయి. మైకు ముందు మాట్లాడుతుంటే, ఒక సూది ఆ పూత మీద గాడి కోసుకుంటూ పోతుంది. అయిపోగానే అదే డిస్కును వేసి వినవచ్చు. ఫ్యాక్టరీ లేదు, ఎదురుచూపు లేదు. అమెరికాలో రేడియో స్టేషన్లు, రేడియోలో ప్రసంగాలు చేసే బోధకులు వీటిని విరివిగా వాడారు. ఒక ఊళ్లో చేసిన ప్రసంగాన్ని డిస్కుల మీదికి ఎక్కించి ఇంకో ఊరి స్టేషనుకు పోస్టులో పంపేవారు.

దీనికో లోటుంది. మెత్తటి పూత కనుక సూది తగిలిన కొద్దీ అరిగిపోతుంది. పదిసార్లు వింటే గొంతు మసకబారుతుంది. ఏళ్లు గడిస్తే పూత ముడుచుకుని రేకు మీద నుంచి పెచ్చులుగా లేస్తుంది. కాబట్టి తెలిసినవాళ్లు ఆ వ్రాత డిస్కును దాచిపెట్టి, దాన్నుంచి అచ్చు తీయించి, గట్టి ప్లేట్లు నొక్కించి పంచేవారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఈ పద్ధతిని అందరికంటే గొప్పగా వాడుకున్న మనిషి జాయ్ రిడ్డర్‌హాఫ్. ఆమె 1930లలో మధ్య అమెరికాలోని హోండూరాస్ దేశంలో మార్కాలా అనే ఊళ్లో మిషనరీగా పనిచేశారు. మలేరియా పట్టి పీడించగా లాస్ ఏంజెలెస్‌లోని పుట్టింటికి తిరిగి వచ్చేశారు. మంచం మీద పడుకుని, ఇక తాను తిరిగి వెళ్లలేకపోతే అక్కడివాళ్లకు చెప్పేదెవరని ఆలోచిస్తుంటే, ఆ ఊరి సారా దుకాణాల్లో రోజంతా మోగే గ్రామఫోను గుర్తుకొచ్చిందట. చదువు రాని ఊళ్లో కూడా పాట వినని మనిషి లేడు. మనిషి వెళ్లలేనిచోటికి ప్లేటు వెళ్లవచ్చు గదా!

1938 డిసెంబరు 31న ఆమె తొలి రికార్డు తయారైంది. స్పానిష్‌లో దాని పేరు “బ్వేనాస్ న్యూవాస్”, అంటే శుభవార్త. నిడివి మూడున్నర నిమిషాలు. ఒక వైపు అంతకుమించి పట్టేది కాదు. మరుసటి ఏడు 1939లో “స్పానిష్ గాస్పెల్ రికార్డింగ్స్” అనే సంస్థ మొదలైంది. వేరే భాషలవాళ్లు మాకూ కావాలని అడగడంతో కొంతకాలానికి పేరులోంచి స్పానిష్ అనే మాట పోయింది. పాఠశాల రోజుల స్నేహితురాలు ఆన్ షెర్‌వుడ్ ఆమెకు తొలి తోడు.

యుద్ధం రోజుల్లో లక్కకు కరువొచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి వాడే లక్క మీద గట్టి కోత పెట్టింది. అల్యూమినియం విమానాలకు పోయింది కనుక ఖాళీ డిస్కులను గాజు పలకల మీద చేశారు. చేయి జారితే అంతే. అయినా పని ఆగలేదు.

వాళ్ల పద్ధతి వినదగ్గది. ఒక భాష మాట్లాడేవాడికి చదువు రాదు, రికార్డు చేసేవాళ్లకు ఆ భాష రాదు. మధ్యలో ఒక దుబాసి, ఒక్కోసారి ఇద్దరు. వాక్యం ఒకటి చెబుతారు, దుబాసి దాన్ని చేరవేస్తాడు, ఆ మనిషి తన భాషలో దాన్ని పలుకుతాడు. టేపు వచ్చిన తర్వాత మధ్యలోని దుబాసి మాటలు కత్తిరించి, అసలు పలుకులు మాత్రం అతికించి ప్లేటు నొక్కించేవారు. ఆమె 1984లో కన్నుమూశారు. గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్ అనే పేరుతో నడుస్తున్న ఆ సంస్థ దగ్గర ఈనాడు ఆరువేలకు పైగా భాషలు, మాండలికాల రికార్డులున్నాయి. మన దేశంలోనూ బెంగళూరు కేంద్రంగా వారి పని సాగింది. మత విషయం పక్కనపెట్టినా, వ్రాత లేని ఎన్నో భాషల ధ్వని ఆ ప్లేట్ల వల్ల నిలిచిందన్నది కాదనలేని నిజం.

ఇంకో ముచ్చట. కరెంటు లేని ఊళ్ల కోసం వాళ్లు “కార్డ్‌టాక్” అనే అట్ట గ్రామఫోను చేశారు. అట్టను మడిచి నిలబెడితే పైభాగంలో సూది ఉంటుంది. ప్లేటు మీది రంధ్రంలో పెన్సిలో వేలో పెట్టి తిప్పడమే. సూది అదిరితే అట్ట అదిరి గొంతు వినిపిస్తుంది. స్ప్రింగు లేదు, బ్యాటరీ లేదు. చేత్తో తిప్పేవాడి వేగాన్ని బట్టి బోధకుడు ఒకసారి ముసలివాడయ్యేవాడు, ఒకసారి పసివాడయ్యేవాడు!

క్యాసెట్టు కాలం

1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును తెచ్చింది. మన ఇళ్లలోకి అది బాగా వచ్చింది 1980ల్లో. టూ-ఇన్-వన్ లేని ఇల్లు లేదు. అమెరికా చర్చిలలో ఆదివారం ప్రసంగాన్ని క్యాసెట్టు మీదికి ఎక్కించి, కాపీ మిషనులో నకళ్లు తీసి, చర్చికి రాలేని వృద్ధుల ఇళ్లకు పంపే అలవాటు బలపడింది. దానికి “టేప్ మినిస్ట్రీ” అని ఒక పేరు కూడా స్థిరపడింది. మన గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో కూడా క్రైస్తవ గీతాల క్యాసెట్లు పుస్తకాల షాపుల్లో, సువార్త సభల దగ్గర గుట్టలుగా అమ్ముడుపోయేవి. 1978లో వచ్చిన “కరుణామయుడు” సినిమాను ఊరూరా తెర కట్టి చూపించిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

క్యాసెట్టుకు ఉన్న జబ్బు నకలుకు నకలు తీస్తే బయటపడుతుంది. నకలు తీసిన ప్రతిసారీ బుస్సుమనే శబ్దం కాస్త పెరుగుతుంది, గొంతు కాస్త తగ్గుతుంది. నాలుగో తరం నకలు వినేసరికి ప్రసంగం చేసింది పాస్టరు గారో, వర్షమో తెలియదు.

సీడీ వచ్చింది, తర్వాత ఖాళీ సీడీ వచ్చింది

1982లో జపానులో సీడీ అమ్మకానికి వచ్చింది. ఫిలిప్స్, సోనీ కలిసి దాన్ని తయారుచేశాయి. అడ్డం 12 సెంటీమీటర్లు, పాట 74 నిమిషాలు. లోపలి అంచు నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే గాడి, పొడుగ్గా సాగదీస్తే 5 కిలోమీటర్లకు పైమాటే. దాని మీద సన్నటి గుంటలు, వాటిని చదివే లేజరు కిరణం. పాట అంకెలుగా మారింది కనుక నకలుకు నకలు తీసినా, తప్పు లేకుండా తీస్తే, నూరో ప్రతి కూడా మొదటి ప్రతితో సమానం. క్యాసెట్టు జబ్బు ఇక్కడితో కుదిరింది.

కాని ఇది మళ్లీ అచ్చు జాతే. గాజు పలక మీద మూల ప్రతి చేసి, లోహపు అచ్చు తీసి, ప్లాస్టిక్కులో నొక్కాలి. వేల ప్రతులకైతే చవక. అరవై ప్రతులు కావలసిన చర్చికి ఆ ఖర్చు దుర్భరం.

ఆ తలుపు తెరిచింది జపానులోని తాయో యూదెన్ సంస్థ. 1988లో ఆ సంస్థ పరిశోధకులు వ్రాసుకోగల సీడీని, అంటే సీడీ-ఆర్‌ను, తయారుచేసి చూపారు. గుంటలకు బదులు ప్లాస్టిక్కు మీద ఒక రంగు పూత, దాని మీద వెలుగును తిప్పికొట్టే పలుచని లోహపు పొర, ఆ పైన రక్షణగా సన్నటి వార్నిషు. వ్రాసే లేజరు ఆ రంగును చుక్కచుక్కగా వేడిచేసి మారుస్తుంది. చదివే లేజరుకు ఆ చుక్కలు గుంటల్లాగే కనిపిస్తాయి. మొదట్లో వ్రాసే యంత్రాలు పెద్ద కంపెనీలకు తప్ప అందేవి కావు. 1995లో హ్యూలెట్ ప్యాకర్డ్ వెయ్యి డాలర్ల లోపు సీడీ రైటర్ తెచ్చాక, చిన్న ఆఫీసులకు, చర్చిలకు దారి దొరికింది.

ఇక్కడ మన గుంటూరువాళ్లకు సరదా కలిగించే మాటొకటి. ఒక డిస్కును చూసి పదింటిని వ్రాసే డూప్లికేటర్లు, వాటంతట అవే వ్రాసి పైన బొమ్మ కూడా ముద్రించే యంత్రాలు తయారుచేసిన పేరున్న కంపెనీలు, మైక్రోబోర్డ్స్, రిమేజ్, ప్రైమెరా, మూడూ అమెరికాలోని మినెసోటా రాష్ట్రానివే. అంతకుముందు చర్చిలకు క్యాసెట్టు కాపీ మిషన్లు అమ్మిన టెలెక్స్ కూడా అక్కడిదే. మినెసోటాకూ గుంటూరుకూ పాత చుట్టరికం ఉంది. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్, ఆ తర్వాత అమెరికా వెళ్లి 1860లో మినెసోటా సినడ్‌కు తొలి అధ్యక్షుడయ్యారు. ముసలితనంలో మళ్లీ మన దేశం వచ్చి రాజమండ్రిలో పనిచేశారు. ఆయన నాటికి గొంతును దాచే యంత్రమే పుట్టలేదు. ఆయన తెలుగు ఎలా పలికేవారో మనకు ఎన్నటికీ తెలియదు.

మా చర్చి గదిలో ఏడు డ్రైవుల పెట్టె

నేను 2003లో రిటైరయ్యాను. మరుసటేడు మా చర్చి కమిటీవారు చందాలు పోగుచేసి ఒక డూప్లికేటరు కొన్నారు. పొడుగాటి పెట్టె, పైన చదివే డ్రైవు ఒకటి, కింద వ్రాసేవి ఏడు. కంప్యూటరు అక్కరలేదు. పైన మూల డిస్కు, కింద ఏడు ఖాళీ డిస్కులు పెట్టి మీట నొక్కితే చాలు. తొలి రోజుల రైటరులో గంటంపావు పట్టే పని, దీనిలో నాలుగైదు నిమిషాల్లో అయ్యేది. దాన్ని నడిపే బాధ్యత ముగ్గురు పింఛనుదారులకు అప్పజెప్పారు. నేను, రైల్వేలో చేసిన ఒకాయన, హైస్కూలు లెక్కల మాస్టారు ఒకరు.

ఖాళీ డిస్కు మేం మొదట విన్నప్పుడు వంద రూపాయల పైచిలుకు. మేం మొదలుపెట్టే నాటికి బాగా దిగివచ్చి, తర్వాత పది రూపాయలకు చేరింది. దానికి ఒక కారణం మన దేశంలోనే తయారు కావడం. ఢిల్లీలో గడియారాల యంత్రాలతో 1983లో మొదలైన మోజర్ బేర్ సంస్థ ఫ్లాపీల మీదుగా 1999లో సీడీ-ఆర్‌లలోకి దిగి, ప్రపంచంలో అతి పెద్ద తయారీదారుల్లో ఒకటిగా ఎదిగింది.

మా పని పద్ధతి చెబితే ఎక్స్ఛేంజి మిత్రులు నవ్వుకుంటారు. అక్కడి క్రమశిక్షణే ఇక్కడా. ప్రతి ఏడు డిస్కుల్లో రెండు తీసి చివరి పాట వేసి వినేవాళ్లం. మొదటి పాట కాదు, చివరిది. డిస్కు లోపలి నుంచి బయటికి వ్రాస్తుంది కనుక తప్పులు ఎక్కువగా బయటి అంచు దగ్గరే వస్తాయి. చివరి పాట పలికితే మిగతావి పలికినట్టే. లెక్కల మాస్టారు ఒక నోటుపుస్తకం పెట్టి ఏ ప్రతి ఎవరికి వెళ్లిందో వ్రాసేవారు. అది అనవసరపు శ్రమ అని నేను వేళాకోళం చేసేవాణ్ని.

ఆదివారం ఆరాధన అయి, జనం చెప్పులు వేసుకుని బయట కబుర్లాడుకునేలోపల ప్రసంగం సీడీలు సిద్ధంగా ఉండేవి. అవి వెళ్లింది మూడు రకాలవారికి. మంచం పట్టినవారు, చూపు తగ్గి బైబిలు చదువుకోలేనివారు, ఊరు వదిలి కువైటులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు. కువైటులో సెలవు శుక్రవారం కనుక అక్కడివాళ్లు మన ఆదివారపు ప్రసంగాన్ని శుక్రవారం వినేవారు. ఒక పెద్దావిడ, తన ఇంటికి ప్రసంగం కంటే మేం తెచ్చే రాకే ముఖ్యమని నిర్మొహమాటంగా చెప్పింది. సీడీ ఒక సాకు. ఆ సాకుతో వారానికి ఒక మనిషి గడప తొక్కేవాడు.

నకళ్లు తీయడం తేలికయ్యేసరికి ఒక ధర్మసందేహం వచ్చింది. కుర్రాళ్లు బజారులో కొన్న గీతాల సీడీ తెచ్చి “అంకుల్, ఇరవై కొట్టివ్వండి” అనేవారు. మేం ఒప్పుకోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు పాట మీద హక్కు ఉంటుంది. రికార్డింగుకు వేరే హక్కు ఉంటుంది. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు, కాని ఎవరో డబ్బు పెట్టి రికార్డు చేయించిన సీడీని మనం నకలు తీయరాదు. అందుకే మా క్వయరు చేతే పాత కీర్తనలు పాడించి రికార్డు చేశాం. అలా తయారైందే 2004 క్రిస్మస్ సీడీ. మా ఆవిడ పాడిన కీర్తన అందులో ఆరోది. మొత్తం 60 ప్రతులు.

ఆ సీడీ విషయంలో మేం చేసిన తప్పూ ఉంది. అందంగా ఉంటుందని గుండ్రటి కాగితం లేబుళ్లు అతికించాం. వేసవి రాగానే లేబుళ్లు అంచులు లేచి, తిరిగేటప్పుడు డిస్కు ఊగడం మొదలుపెట్టింది. ఒకాయన కారు ప్లేయరులో ఇరుక్కుపోతే మెకానిక్కు చేత తీయించవలసి వచ్చింది. తర్వాత తీసిన సీడీలకు లేబుళ్లు మానేసి, మెత్తటి మొన ఉన్న పెన్నుతో చేత్తో వ్రాశాం.

డిస్కులు వెనక్కి తగ్గిన రోజులు

ఈ వైభవం పదేళ్లు కూడా నిలవలేదు. పెన్ డ్రైవులు వచ్చాయి, మెమరీ కార్డు పెట్టుకునే చిన్న రేడియోలు వచ్చాయి, 2005లో మొదలైన యూట్యూబు ఫోనులోకి వచ్చేసింది. కొత్త లాప్‌టాపుల్లో సీడీ పెట్టే అరే తీసేశారు. సీడీ-ఆర్‌ను కనిపెట్టిన తాయో యూదెన్ 2015లో డిస్కుల వ్యాపారం మానుకుంది. మోజర్ బేర్ 2018లో లిక్విడేషనుకు వెళ్లింది. వ్రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025లో ఆపేసింది. 2020లో కరోనా వచ్చి చర్చి తలుపులు మూసినప్పుడు, ఆరాధన నేరుగా ఫోనుల్లోకే వెళ్లింది. మా ఏడు డ్రైవుల పెట్టె మీద ఇప్పుడు పూలకుండీ ఉంది.

యంత్రం పోయినందుకు నాకు దిగులు లేదు. స్ట్రౌజరు ఎక్స్ఛేంజీలు పోవడం చూసినవాణ్ని. దిగులల్లా ఆ డిస్కుల్లో ఉండిపోయిన గొంతుల గురించి. ఖాళీ సీడీ అమ్మేటప్పుడు వందేళ్లు ఉంటుందని ప్రచారం చేసేవారు. మంచి సరుకు, చీకటి, చల్లదనం ఉంటే ఎక్కువ కాలం ఉండవచ్చు. కాని రంగు పూత వెలుగుకు వెలిసిపోతుంది. పైనున్న వార్నిషు గీసుకుంటే లోహపు పొరకే దెబ్బ. చాలామంది మెరిసే కింది వైపును కాపాడుకుంటారు గాని, నిజానికి నాజూకు వైపు పేరు వ్రాసే పైవైపే. సముద్రగాలి తేమ సరేసరి.

నా మూల డిస్కుకు ఏమైందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. అద్దాల బీరువా పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. ఇరవై ఏళ్లు సాయంత్రపు ఎండ దాని మీద పడింది. పైగా అందరికంటే అందమైన లేబులు దానికే అంటించాను. అరవై ప్రతులు పంచి, ఇంట్లో ఇంకొకటి ఉంచుకోవాలని తోచనే లేదు. అసలుదే నా దగ్గర ఉండగా నకలెందుకు అనుకున్నాను.

లెక్కల మాస్టారి నోటుపుస్తకం

మాస్టారు లేరు. ఆయన కోడలు అమ్మాయిని అడిగితే అటక మీంచి పాత ట్రంకుపెట్టె దింపి ఆ నోటుపుస్తకం ఇచ్చింది. 2004 డిసెంబరు పేజీలో 60 పేర్లు. సగం మంది కాలం చేశారు. మిగతావారి పిల్లలకు మా అబ్బాయి, నేను వరసగా ఫోన్లు చేశాం. “పాత సీడీలన్నీ ఇల్లు మారేటప్పుడు పడేశామండీ” అన్నవారే ఎక్కువ. దొరికిన నాలుగింటిలో రెండు పలకలేదు. ఒకటి మూడో పాట దగ్గరే ఆగిపోయింది.

నాలుగోది తెనాలిలో ఒక రిటైర్డు టీచరమ్మ గారి ఇంట్లో దొరికింది. ఆమె చివరి రోజుల్లో చూపు పోయి మంచంలోనే ఉన్నారు. మేం ప్రతి ఆదివారం సీడీ పంపింది ఆమెకే. కొడుకు వాటిని తల్లి బైబిలుతోపాటు చెక్క సొరుగులో, ఎండ తగలకుండా ఉంచాడు. క్రిస్మస్ సీడీకి లేబులు లేదు. లేబుళ్లు సరిపోక చివరి నాలుగైదింటికి చేత్తో వ్రాశాం. ఆ వ్రాత నాదే. వాళ్ల డాబా మీద గదిలో పాత డీవీడీ ప్లేయరులో పెట్టాం. అలవాటు కొద్దీ ముందు చివరి పాట వేశాను. పలికింది. అప్పుడు ఆరోది వేశాం.

రెండో చరణం ముందు మా ఆవిడ చిన్నగా దగ్గుతుంది. అప్పట్లో దాన్ని కంప్యూటరులో తీసేద్దామని నేను, వద్దని లెక్కల మాస్టారు. ఆయన మాటే నెగ్గింది. ఆ దగ్గు విని మా అబ్బాయి గదిలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

జాయ్ రిడ్డర్‌హాఫ్ కాలంలోనే తెలిసిన సంగతి నాకు ఎనభై దాటాక తెలిసింది. చేత్తో వ్రాసిన డిస్కు దాచుకోవడానికి కాదు, నకలు తీయడానికి. నేను దాచుకున్నది పోయింది. పంచినదాంట్లోంచి ఒకటి మిగిలి నా ఇంటికి తిరిగొచ్చింది.

సభ్యులకు నాలుగు మాటలు

మీ ఇళ్లలో కూడా పెళ్లి డిస్కులు, షష్టిపూర్తి డిస్కులు, నాన్నగారి హరికథో, తాతగారి పద్యాలో ఉన్న డిస్కులు ఉంటాయి. మతం ఏదైనా డిస్కుకు పట్టే జబ్బు ఒకటే.

మొదటిది, ఈ నెలలోనే వాటిని తీసి చివరి దాకా వేసి చూడండి. ఒక డ్రైవులో పలకకపోతే ఇంకో దాంట్లో ప్రయత్నించండి. పాతబడ్డ మంచి డ్రైవు ఒక్కోసారి కొత్తదానికంటే బాగా చదువుతుంది.

రెండోది, పలికినవాటిని వెంటనే కంప్యూటరులోకి ఎక్కించి, కనీసం మూడు ప్రతులు చేయించండి. రెండు వేర్వేరు వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉండాలి. పెన్ డ్రైవు కూడా శాశ్వతం కాదు. కొన్నేళ్లకోసారి కొత్తదానికి మార్చాలి.

మూడోది, డిస్కులను నిలువుగా, చీకటి సొరుగులో, పొడిగా ఉంచండి. లేబులు అంటి ఉంటే పీకకండి, పైపొర దాంతోపాటు ఊడివస్తుంది. బాల్‌పెన్నుతో వ్రాయకండి.

నాలుగోది, ఏ ప్రతి ఎవరికి ఇచ్చారో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి. అలా వ్రాసేవాణ్ని వేళాకోళం చేయకండి.

పెళ్లి ఫాల్గుణంలో జరిగింది. పాట వినిపించాం. భోజనాల వేళ తెనాలి నుంచి వచ్చిన టీచరమ్మ గారి అబ్బాయికి ఒక కొత్త ప్రతి ఇచ్చాను. ఆయన పేరు నోటుపుస్తకంలో 61వదిగా వ్రాసుకున్నాను.